ఊరెళ్లే ముందు... టైరుకేసి చూశారా?

తెల్లవారుజామున నాలుగింటికే ఇంట్లో సందడి మొదలైంది. పిల్లలు నిద్రకళ్లతోనే కారెక్కేశారు. డిక్కీలో సూట్‌కేసులు, ఊరి నుంచి ఆవకాయ తెచ్చుకోవడానికి ఖాళీ జాడీలు, ముందు సీట్లో కాఫీ ఫ్లాస్కు... అన్నీ సర్దడం అయిపోయింది. గ్యాస్ కట్టేశామా, తాళం సరిగ్గా పడిందా అని రెండుసార్లు చూసుకున్నారు. కారు కదిలింది.

ఒక్కటే మర్చిపోయారు. అంతమందినీ, అంత సామానునూ మూడొందల కిలోమీటర్లు మోయాల్సిన నాలుగు టైర్లవైపు ఎవరూ తొంగి చూడలేదు. కారు కొన్నరోజున కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించాక మళ్లీ వాటి ఊసెత్తింది పంక్చరైనప్పుడే!

మనలో చాలామంది కథ ఇదే. కారంటే ఇంజిన్, ఏసీ, మ్యూజిక్ సిస్టమ్. సర్వీసింగ్ అంటే ఆయిల్ మార్చడం, కడిగి తుడవడం. కానీ రోడ్డును తాకేది టైరొక్కటే. అదీ ఒక్కో టైరూ దాదాపు అరచేయంత మేర మాత్రమే. బ్రేకు పడాలన్నా, మలుపు తిరగాలన్నా, వానలో బండి జారకుండా నిలవాలన్నా ఆ నాలుగు అరచేతుల చోటే దిక్కు. 2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. వాటిలో మన చేతిలో లేని కారణాలు ఎన్నో ఉంటాయి. టైరు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్నదే.

‘రెండు పాయింట్లు తగ్గించి కొట్టు బాబూ!’

వేసవిలో ఏ పెట్రోలు బంకు దగ్గర నిలబడినా వినిపించే మాట ఇది. ఎండకు టైర్లో గాలి వ్యాకోచిస్తుంది, ఒత్తిడి పెరిగి పేలుతుంది, కాబట్టి ముందే తక్కువ కొట్టించుకుంటే మేలు... ఇదీ లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది. నిజం మాత్రం తల్లకిందులు.

గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ దాని పక్కభాగాలు నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంటాయి. ఇనుపతీగను ఒకేచోట అటూఇటూ గబగబా వంచి ముట్టుకుని చూడండి, వేలికి చురుక్కుమంటుంది. టైరులోనూ జరిగేది అదే. వంద కిలోమీటర్ల వేగంలో చిన్నకారు టైరు నిమిషానికి సుమారు తొమ్మిది వందలసార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ వంగి లేస్తుంది. పైన మండే ఎండ, కింద కాగుతున్న తారు, డిక్కీ నిండా బరువు వీటికి తోడవుతాయి. ఆ వేడికి టైరు లోపలి పొరల పట్టు సడలి, చివరికి ‘ఢాం’ అంటుంది. అంటే గాలి ఎక్కువైతే పేలుతుందని మనం భయపడుతుంటే, చాలాసార్లు అది తక్కువైనందుకు పేలుతోంది!

మరి ఎండకు పెరిగే ఒత్తిడి సంగతేంటి? ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే టైర్లో గాలి ఒకటిన్నర, రెండు పాయింట్లు పెరుగుతుంది. దాన్ని తట్టుకునేలాగే టైరును తయారుచేస్తారు. కారు కంపెనీ చెప్పే అంకె కూడా టైరు చల్లగా ఉన్నప్పటి లెక్కే. అందుకే దారిలో ఆగి, వేడెక్కిన టైర్లను చూపించి, ‘ఎక్కువుంది’ అని గాలి తీయించకూడదు. పొద్దున్నే బయల్దేరేముందు, లేదంటే బండిని కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక చూడటమే సరైన పద్ధతి.

ఎంత ఉండాలన్నది ఎవరినీ అడగక్కర్లేదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కనే ఫ్రేమ్ మీద చాలా కార్లకు స్టిక్కర్ కనిపిస్తుంది. లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చిన్నకార్లకు సాధారణంగా 30 నుంచి 35 పాయింట్ల మధ్య చెబుతారు. కారు నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత పెంచాలో కూడా చాలా కంపెనీలు అక్కడే రాస్తాయి. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె వేరు. అది టైరు తట్టుకోగల హద్దే తప్ప అంత కొట్టించమని కాదు. గాలి మరీ ఎక్కువైతే టైరు నడిమిభాగమే నేలను తాకుతుంది, పట్టు తగ్గుతుంది. ఇక నైట్రోజన్ మీద మోజు ఉన్నవారికో మాట. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది కొట్టించినా నెలకోసారి చూసుకోవడం తప్పదు.

టైరు జాతకం

మనుషుల పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాం. టైరుకూ పుట్టినరోజు ఉంటుందని తెలుసా? టైరు పక్కభాగం మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే కార్లకు ఇది ముఖ్యం. గాడులు కొత్తగానే కనిపిస్తాయి, కానీ ఎండకు ఎండి, వానకు తడిసి రబ్బరు ముసలిదైపోతుంది. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలి. పక్కన సన్నని పగుళ్లున్నా, బుడిపెలా ఉబ్బినా వయసుతో పనిలేదు, వెంటనే మార్చాల్సిందే.

అరుగుదలా ఏదో చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో తిప్పారని. నడుమ అరిగితే గాలి ఎక్కువైందని. ఒక్క అంచే అరిగిందా, వీల్ అలైన్‌మెంట్ చేయించమని. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న అడ్డుగట్లు ఉంటాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. ఆ టైరుతో వానలో వెళితే, నీటిని పక్కకు తోసే గాడుల్లేక కారు నీటిపొర మీద తేలి జారిపోతుంది. అప్పుడు స్టీరింగూ వినదు, బ్రేకూ వినదు.

మార్చమంటే ఖర్చని వాయిదా వేస్తాం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఒకవేళ పేలితే...

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా మేకో, గాజుముక్కో దారికాచి ఉండొచ్చు. టైరు పేలగానే కారు ఒక పక్కకు లాగేస్తుంది. కంగారులో కాలు బ్రేకు మీదికే పోతుంది. అదే పెద్ద తప్పు. గట్టిగా బ్రేకు వేస్తే బండి గిరుక్కున తిరగొచ్చు, బోల్తా పడొచ్చు. స్టీరింగును రెండు చేతులతో బిగించి పట్టుకుని తిన్నగా ఉంచండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. వేగం దానంతటదే తగ్గాక, వెనక చూసుకుని ఎడమ పక్కకు చేర్చండి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, పిల్లల్ని రోడ్డుకు దూరంగా దించండి. టైరు మార్చడం ఆ తరవాత సంగతి.

ఇదంతా సాధ్యమయ్యేది వేగం అదుపులో ఉన్నప్పుడే. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు దూసుకెళుతుంది. ‘అయ్యో’ అనేలోపే రెండు బస్సుల పొడవు దాటేస్తాం.

ఒళ్లో పాప... ఒట్టి భరోసా

ఇలాంటి కుదుపులోనే బెల్టు విలువ తెలిసేది. ‘వెనక కూర్చున్నాం కదా, మాకెందుకు’ అనుకుంటారు చాలామంది. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో మరణించిన టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కూర్చున్నది వెనక సీట్లోనే. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

పసిపిల్లను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మనకు ముద్దు. కానీ కారు ఒక్కసారిగా ఆగితే, ఎంత గట్టిగా పట్టుకున్నా ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ ముందు తగిలేదీ పాపకే. చిన్నపిల్లలకు వెనక సీట్లో చైల్డ్ సీటు, పెద్దపిల్లలకు బెల్టు. మారాం చేస్తే కారు కదలదని చెప్పండి. రెండు ప్రయాణాల్లో అలవాటైపోతుంది.

ఊళ్లో అమ్మమ్మ పొద్దుటి నుంచీ వీధి గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతుంటుంది. ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని నాలుగుసార్లు ఫోన్ చేస్తుంది. ఆమెకు కావాల్సింది మనం గంట ముందు రావడం కాదు, అందరం రావడం.

బయల్దేరే ముందు పది నిమిషాలు

* నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలోనూ గాలి చూడండి. అవసరమైనప్పుడు అదీ చతికిలబడితే అడవిలో ఉన్నట్టే. జాకీ, స్పానర్, ఎర్ర త్రికోణం ఉన్నాయా?

* ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్, కూలెంట్ చూడాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

* బ్రేకు ఆయిల్ గీత కన్నా దిగిందా? బ్రేకు వేస్తే కీచుమంటోందా? మెకానిక్‌కు చూపించాకే ప్రయాణం.

* హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు ఒకరు వేస్తుంటే ఒకరు వెనక నిలబడి చూడండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే సరదాగా చేస్తారు.

* రెండు గంటలకోసారి ఆగండి. రెప్పలు వాలుతుంటే కాఫీ మీద భారం వేయొద్దు. భద్రమైనచోట ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

* జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108. ఈ నంబర్లు ఇంట్లో అందరికీ నోటికి రావాలి.