ఒక్క మెతుకు చాలుతుందా?



అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా పిసికి చూడం. ఒక్క మెతుకు నలిపి చూస్తాం. నలుగురిని అడిగి ఊరందరి సంగతి చెప్పే శాంపిల్ సర్వే కూడా అలాంటిదే. అయితే మెతుకు ఎక్కణ్ణుంచి తీశామన్నదే అసలు పేచీ. పెళ్ళివారి గుండిగలో అడుగు మాడినా పైన పలుకు ఉండొచ్చు. కలిపి తీస్తేగాని గుట్టు తెలియదు.

జిల్లాని గరిటె పెట్టి కలపలేం కదా! ఉమ్మడి ఖమ్మం జిల్లానే చూడండి. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 27 మంది గిరిజనులు. భద్రాచలం అడవుల వైపు మలేరియా బాధ ఉన్నదే. అక్కడ ఎన్ని ఇళ్ళకు దోమతెరలున్నాయో తెలుసుకోవాలనుకుందాం. జీపు ఆగినచోట, రోడ్డు పక్క ఇళ్ళలో అడిగి వచ్చేస్తే వాగు అవతలి కోయగూడెం లెక్కలోకే రాదు. పోనీ, ఆస్పత్రికి వచ్చినవాళ్ళని అడుగుదామా? రాలేనివాళ్ళు తప్పిపోతారు. తెరలు చాలినన్ని ఉన్నాయని కాగితం చెబుతుంది, జ్వరం వాగు అవతలే ఉంటుంది. గణాంకశాస్త్రంలో దీన్ని పక్షపాతం అంటారు. ఎవరిమీదా పగతో చేసింది కాదు, సుళువు చూసుకోవడంవల్ల వచ్చింది.

ఎక్కువమందిని అడిగితే సర్దుకుంటుందనుకుంటాం. సర్దుకోదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎన్నికల జోస్యం కోసం కోటిమందికి కార్డులు పంపింది. చాలా పేర్లు టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల్లోవి. ఇరవై లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడంది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌కి వచ్చాయి!

మరి దారేమిటి? ఊళ్ళను ముందు రకాలుగా విడదీస్తారు: పట్నం, రోడ్డుమీది ఊరు, అడవిలోపలి గూడెం. ప్రతి రకంలోంచీ చీట్లు వేసి ఊళ్ళని, ఆ ఊళ్ళలో ఇళ్ళని తీస్తారు. మహలనోబిస్ గారి పూనికతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఇలాంటి పద్ధతులనే పాటిస్తుంది. చీటీలో వచ్చిన ఇంటికి ఎంత దూరమైనా వెళ్ళాల్సిందే. ఎండగా ఉందని పక్కింటితో సరిపెడితే చీటీ వేసీ వేయనట్టే.

వెళ్ళినా చిక్కే. వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికో తునికాకు కోయడానికో పొద్దున్నే అడవికి పోతారు. పదింటికి వెళితే తడికె వేసి ఉంటుంది. ‘ఇంట్లో లేరు’ అని రాసుకుని వచ్చేస్తే రెక్కాడితేగాని డొక్కాడనివాళ్ళే లెక్క తప్పుతారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి.

వెళ్ళి, ‘దోమతెర ఉందా?’ అంటే ఉందనే అంటారు. అది పెట్టెలో ఉండొచ్చు. రాత్రి ఆ తెరలో ఎవరెవరు పడుకున్నారని అడగాలి, వీలైతే కోయభాషలోనే.