కరవు రాకమునుపే చేయవలసిన సహాయం

ఆపదలో సహాయ సంస్థలు ఎలా పనిచేస్తాయో ఈ వారం ఆలోచిద్దాం.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను తీసింది. అలాంటి ఆపద అందరికీ కనిపిస్తుంది. బియ్యం, దుప్పట్లు వెంటనే బయలుదేరతాయి. మన అనంతపురం కరవు అలా రాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే పంట పోయినట్టే. అయినా ఆ రోజు ఏ ఇల్లూ కూలదు, ఏ పత్రికలోనూ ఫోటో రాదు.

మొదట పశువుల మేత తగ్గుతుంది. తరువాత ఎద్దులు సంతకు పోతాయి. ఆపైన పెద్దవాళ్లను ఊళ్లో విడిచి, వయసువాళ్లు బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఎద్దులు పోయాక ఇచ్చే బియ్యం ఆకలి తీరుస్తుంది గాని, మరుసటి ఏడు సేద్యాన్ని నిలబెట్టలేదు. అందుకే వాన లెక్కను, బోర్లలో నీటిమట్టాన్ని, సంతలో పశువుల ధరను ముందునుంచే కనిపెట్టాలి. ధర ఒక్కసారిగా పడిపోయిందంటే, రైతులు మేపలేక అమ్ముకుంటున్నారని అర్థం. గడ్డి, నీరు, కూలిపని అప్పుడే అందాలి.

నీటికీ ఒక కొలత ఉంది. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. ట్యాంకరు ఊళ్లోకి వస్తే చాలదు. ఊరి చివరి ఇంటికి అంత నీరు చేరిందా అని చూడాలి.

కరవు లేని రోజుల్లో చేయవలసిన పని ఇంకా పెద్దది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చెక్‌డ్యాములు, చెట్ల పెంపకం, బిందు సేద్యం వంటి పనులు చేపట్టింది. ఉపాధి హామీ పథకం కూడా 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. కూలిపనిగా చెరువు పూడిక తీస్తే, ఈ ఏడు కూలీకి అన్నం దొరుకుతుంది, వచ్చే ఏడు ఊరికి నీరు నిలుస్తుంది.

యోసేపు ధాన్యం కూర్చింది సమృద్ధి కాలంలోనే గదా! అంతియొకయలోని విశ్వాసులు కూడా కరవు రాబోతున్నదని వినగానే యూదయకు సహాయం పంప నిశ్చయించుకున్నారు.

మీ సంఘం ఏమి చేయగలదు? ఒంటరిగా మిగిలే వృద్ధులెవరు, నీరున్న బోర్లు ఎక్కడ, గడ్డి ఎవరి దగ్గర దొరుకుతుంది – ఒక నోటుపుస్తకంలో ఇప్పుడే రాసిపెట్టండి. కానుకల లెక్కను అందరి ముందూ చదవండి. పట్టికలో పేరు రాసేటప్పుడు, ఆ మనిషి మన సంఘస్థుడా కాడా అని చూడకండి. దాహానికి ఆ భేదం లేదు.