వార్తల్లో పదం: ట్యూనింగ్ ప్రోగ్రామర్

ఇంజన్‌కు ఎంత ఇంధనం అందాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో ఈసీయూ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. కారులోని ఓబీడీ (డయాగ్నస్టిక్) పోర్టుకు తగిలించి ఆ లెక్కలు మార్చే పరికరమే ట్యూనింగ్ ప్రోగ్రామర్. టర్బో ఇంజన్లలో పవర్ బాగా పెరుగుతుంది. మిగతావాటిలో లాభం స్వల్పం.

కొనేముందు మూడు చూడాలి: మీ కారు ఈసీయూకు సరిపోతుందా, కంపెనీ ఫైలును భద్రపరిచి తిరిగి ఎక్కించగలదా, మ్యాప్ (ఎక్కించే కొత్త లెక్కల ఫైలు) ఏ పెట్రోలుకు రాసింది? ఎక్కువ ఆక్టేన్ మ్యాప్ ఎక్కించుకుని, కల్వకుర్తి బంకులో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే ఇంజన్ నాకింగ్‌కు (ఇంధనం అదుపు తప్పి మండటం) గురికావచ్చు.

వారంటీ, బీమా క్లెయిముల్లో చిక్కులు రావచ్చు. ఆర్సీలోని కంపెనీ వివరాలకు విరుద్ధమైన మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది.