ఆటపాటలలో శాస్త్రము వెదకవలెనా?

మన పూర్వులు పలికిన ప్రతి పలుకునందును ఏదో యొక శాస్త్రరహస్యము దాగియున్నదని చెప్పుట నేడు దేశాభిమానమునకు గుఱుతుగా ఎంచబడుచున్నది. దేశాభిమానమున మేమెవ్వరికిని తీసిపోము. అయినను ఈ అభిమానము కొన్ని వేళల దారి తప్పుచున్నదని చెప్పక తప్పదు.

“కాళ్ళాగజ్జి కంకాళమ్మ” ఆటను ఎఱుగని తెలుగువారు అరుదు. పిల్లలు కాళ్ళు చాచి వరుసగా కూర్చుందురు. అవ్వ ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలిని తాకుచు పోవును; తుదిమాట ఏ కాలిపై పడునో ఆ కాలు ముడువవలెను. ఆట ఇంతే. ఇందు గజ్జిరోగమునకు దివ్యౌషధము చెప్పబడినదని కొందఱు వ్యాఖ్యానించుచున్నారు. కాలికి కట్టునది గజ్జె యని యైనను వారు తలపరు! ఈ యోగము ఏ వైద్యగ్రంథమున నున్నదో వారు చూపగా మేము చూడలేదు. గజ్జి చర్మమును తొలుచుకొనిపోవు సూక్ష్మకీటకము వలన కలుగునది. ఇంటిల్లిపాదికిని ఒక్కమారే చికిత్స జరుగనిచో అది మరల మరల వచ్చును. పాటను నమ్మి ఆకులు నూరుచు కూర్చున్న తల్లి, తెలియకయే బిడ్డ బాధను పొడిగించుచున్నది.

అర్థము లేకపోవుటయే ఆ పాటకు సొగసు. లయ పట్టుపడుట, మాటకొక కాలు చొప్పున లెక్క కుదురుట, తన వంతు వచ్చువఱకు ఓపిక పట్టుట, ఇవన్నియు ఆ పిచ్చిమాటలే నేర్పుచున్నవి. పసివానికి ఇంతకు మించి ఆ పాట చేయవలసిన మేలేమి?

నిజమైన విజ్ఞానము వేఱొకచోట నున్నది. “రోహిణిలో రోళ్ళు పగులును”, “ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదు” అని రైతు చెప్పు సామెతలను పరికింపుడు. చైత్రాది మాసములు చంద్రుని బట్టి నడచును. చాంద్రసంవత్సరమునకు 354 దినములే గావున ఋతువులతో ఏటికి సుమారు 11 దినముల తేడా వచ్చి, అధికమాసముతో సరిపడుచుండును. ఇట్టి లెక్కతో విత్తనము వేయుట కష్టము. కావున రైతు సూర్యుని నమ్మెను. 27 నక్షత్రములలో సూర్యుడు ఒక్కొక్కదానియందుండు 13, 14 దినములే కార్తె. రోహిణి మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమునను ప్రవేశించును. నైరుతి ఋతుపవనము సాధారణముగా జూన్ మొదటి పక్షమున తెలుగునేలను చేరును. ముందు మంట, పిమ్మట వాన. సామెతల వరుసయు అదియే. పండుగకు చంద్రుడు, పంటకు సూర్యుడు! అక్షరము రానివాడును మఱవకుండునట్లు ఈ జ్ఞానమును నాలుగు మాటలలో ఇమిడ్చిన ప్రజ్ఞ గర్వింపదగినది.

అయినను దీనికిని పరీక్ష అవసరమే. భూమి అక్షము మెల్లగా దిశ మార్చుచుండుటచే, కార్తెలు 60, 70 ఏండ్లకు ఒక దినము చొప్పున ఋతువుల నుండి జరిగిపోవుచున్నవి. కార్ అను ఆంగ్లసైనికోద్యోగి మన సామెతలను సంకలనము చేసి 1868లో చెన్నపట్టణమున ప్రకటించెను. నాటికిని నేటికిని రెండు దినములకు పైగా తేడా వచ్చినది. వేయి యేండ్లలో అది ఒక కార్తెకు మించును. సామెత మాఱదు, ఆకాశము మాఱుచున్నది. స్త్రీలను, కొన్ని కులములను కించపఱచు సామెతలును మనకు లేకపోలేదు. పూర్వుల మాటలని వానిని మోయనక్కఱలేదు.

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారే అన్నారు. నేడు మనము చేయుచున్నదదియే. రైతు నోటనున్న పరిశీలనను విడిచి, పసిపిల్లల పాటలో మందు వెదకుచున్నాము. శాస్త్రమును పరీక్షింతము, సామెతను ఆలోచింతము, ఆటను ఆడనిత్తము. పూర్వులకు ఇంతకంటె గౌరవము వేఱొకటి లేదు.