యాసిడ్‌లో నానబెట్టిన గొట్టాలు ఎందుకు?

పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌ను నొక్కితే కరెంటు పుడుతుంది. ఆ గుణాన్ని 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయ్ వెల్లడించాడు. చిక్కేమిటంటే, కరిగించి చల్లారిస్తే దాని అణువుల గొలుసులు మెలిపడి, వాటిలోని ఫ్లోరిన్ పరమాణువులు అటొకటి ఇటొకటి తిరిగి, విద్యుత్తు చెల్లుకు చెల్లయిపోతుంది.

అందుకే ఆ ప్లాస్టిక్‌లో కార్బన్ నానోగొట్టాలు కలుపుతారు. ఉత్తగా వేస్తే అవి అతుక్కుని ఉండలు కడతాయి. మంగళగిరి నేతన్నలు పడుగుకు గంజి పట్టించి, దువ్వి పోగులు విడదీస్తారు కదా, ఇక్కడ ఆ పని యాసిడ్‌ది! నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో ఉంచితే గొట్టాల ఒంటిమీద కార్బాక్సిల్ గుంపులు మొలుస్తాయి. అవి గొట్టాలను విడివిడిగా ఉంచుతాయి, ప్లాస్టిక్ గొలుసులను పట్టి సాపుచేస్తాయి. ఫ్లోరిన్లన్నీ ఒక పక్కకు చేరితే కరెంటు పెరుగుతుంది.

మరి ఎక్కువ వేస్తే? గొట్టాలు ఒకదాన్నొకటి తాకి, పుట్టిన కరెంటును లోపలే పోగొట్టేస్తాయి. చిటికెడు చాలు.