ముఖము, కంటి గాయాల వలన అంధత్వము

ముఖానికి గాని, కంటికి గాని తగిలిన దెబ్బ వలన చూపు కొంతగానో, పూర్తిగానో పోవడాన్ని ఆఘాతజన్య అంధత్వము అంటారు. ఒక కన్ను మాత్రమే పోవడానికి గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. దెబ్బ తగిలిన క్షణములో జరిగే నష్టము కొంత, ఆపై గంటలలో, దినములలో జరిగే నష్టము మరికొంత. ఈ రెండవదానిని చాలావరకు నివారించవచ్చును.

ముఖ ఎముకల గాయాలు

కనుగుడ్డు ఏడు ఎముకలతో ఏర్పడిన గుంటలో ఇమిడి ఉంటుంది. గుంట అంచు దృఢమైనదే గాని, అడుగు గోడ, ముక్కు వైపు గోడ చాలా పలుచనివి. క్రికెట్ బంతి గాని, పిడికిలి గాని బలంగా తగిలితే ఇవి విరుగుతాయి. కంటిని కదిలించే కండరము ఆ పగులులో చిక్కుకొంటే ఒకే వస్తువు రెండుగా కనబడుతుంది.

ఇంతకంటె ప్రమాదకరమైనది కనుగుడ్డు వెనుక జరిగే రక్తస్రావము. ఒత్తిడి పెరిగి దృక్ నాడికి రక్తము అందదు. సుమారు రెండు గంటలలోపు ఒత్తిడి తగ్గించకపోతే చూపు తిరిగి రాకపోవచ్చును. అందుచేత వైద్యులు స్కానింగు కొరకు వేచి ఉండక కంటి బయటి కొన వద్ద కోత పెడతారు.

మోటారు సైకిలు ప్రమాదాలలో కనుబొమకు తగిలిన దెబ్బ ఎముక గుండా ప్రసరించి దృక్ నాడిని గాయపరచవచ్చును. కన్ను పైకి మామూలుగానే ఉంటుంది గనుక, స్పృహ లేని రోగిలో ఈ నష్టము ఆలస్యముగా బయటపడుతుంది. దీనికి నిరూపితమైన చికిత్స లేదు.

సున్నము, వరి కంకి

క్షారాలు ఆమ్లాలకంటె లోతుగా కంటిలోనికి చొచ్చుకొని పోతాయి. కిళ్ళీ సున్నము క్షారమే. పిల్లలు సున్నపు పొట్లాన్ని నొక్కినపుడు అది చిట్లి కంట్లో పడిన సందర్భాలు భారతదేశములో అనేకము. వెంటనే, ఆసుపత్రికి బయలుదేరక ముందే, కనీసము అరగంట మంచినీటితో కడగాలి. రెప్పల క్రింద సున్నపు ముక్కలు మిగలరాదు.

కోతల కాలములో వరి ఆకు, కంకి మొన గీసుకొనడం స్వల్పమైన గాయముగా తోస్తుంది. కాని ఆ గీత ద్వారా శిలీంధ్రాలు ప్రవేశించి నల్లగుడ్డుపై పుండు ఏర్పడుతుంది. ఆకు పసరు, ఆముదము పోయడం హానికరము. వైద్యుని అడగకుండా వేసుకొనే స్టెరాయిడ్ చుక్కలు మరీ హానికరము. అవి ఎరుపును తగ్గించి పుండును పెంచుతాయి.

కన్ను చిరిగినపుడు మాత్రము కడగరాదు, నొక్కరాదు, గుచ్చుకొన్న వస్తువును లాగరాదు. కాగితపు కప్పు వంటిది కంటికి తగలకుండా అడ్డుపెట్టి తీసుకొని వెళ్ళాలి.

రెండవ కన్ను

కనుగుడ్డు చిరిగినపుడు, అరుదుగా, శరీర రక్షణ వ్యవస్థ దెబ్బ తగలని కంటిపై కూడ దాడి చేస్తుంది. ఇది కొన్ని వారాలకు గాని, సంవత్సరాలకు గాని కనిపించవచ్చును. ఫ్రాన్సులోని కూప్‌వ్రే గ్రామములో 1809లో జన్మించిన లూయీ బ్రెయిలీ మూడేళ్ళ వయసులో తండ్రి తోలు పనిముట్టుతో ఒక కన్ను పొడుచుకొన్నాడు. ఐదేళ్ళకు రెండు కళ్ళూ పోయాయి. అది ఈ వ్యాధే కావచ్చునని పలువురి అభిప్రాయము.

ఒక కంటి చూపుతో

ఒక కన్ను పోయినవారికి దూరాన్ని అంచనా వేయడం మొదట కష్టమవుతుంది; క్రమేణా అలవాటవుతుంది. 1961లో ఇంగ్లాండులో జరిగిన కారు ప్రమాదములో గాజు పెంకు గుచ్చుకొని మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ కుడి కంటి చూపు దెబ్బతిన్నది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన తొలి టెస్టు ఆడాడు. 1962లో, 21 ఏళ్ళ వయసులో, భారత జట్టుకు నాయకుడయ్యాడు. తరువాత రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున కూడ ఆడాడు.