పాలు పొంగిన గుర్తు



పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయామనుకోండి. వచ్చి చూసేసరికి పాలు ఏమీ ఎరగనట్టు గిన్నెలో అణిగి ఉంటాయి. చుట్టూ పడ్డ మరక మాత్రం అసలు సంగతి చెప్పేస్తుంది. ఆకాశంలో శాస్త్రజ్ఞులు వెతికేదీ అలాంటి మరకల కోసమే!

మనకు ఒంటరిగా కనిపించే నక్షత్రాల్లో చాలావాటికి జంట ఉంటుంది. కొన్ని జంటల్లో ఒకటి ముసలిది. సుమారు భూమంతే ఉంటుంది గాని మహా బరువు. దాన్ని శ్వేత కుబ్జ తార అంటారు. అది పక్కదాని నుంచి హైడ్రోజన్ వాయువును కొద్దికొద్దిగా లాక్కుంటుంది. వేల ఏళ్ళు పేరుకున్న ఆ వాయువు ఒకనాడు హైడ్రోజన్ బాంబులా పేలుతుంది. అంతవరకు కంటికి ఆనని నక్షత్రం కొన్నాళ్ళు వెలిగిపోతుంది. అదే నోవా. నక్షత్రం నాశనం కాదు. ఎగిరిపోయిన వాయువు మాత్రం బుడగలా చుట్టూ వ్యాపిస్తుంది.

1437 మార్చి 11న కొరియాలో, నేటి సియోల్ నగరంలో, ఆస్థాన జ్యోతిష్కులు వృశ్చికం తోకలో ఒక కొత్త చుక్కను చూశారు. మన మూలా నక్షత్రం ఉన్న చోటే లెండి! 14 రోజులు కనిపించి మాయమైంది. తేదీ, చోటు రాసి పెట్టారు.

మైఖేల్ షారా అనే శాస్త్రజ్ఞుడు, తోటివారు దాని గుర్తు కోసం దాదాపు 30 ఏళ్ళు వెతికారు. రెండు చుక్కల నడుమ అని రాత. ఏ రెండు చుక్కలన్నదే చిక్కు. చివరకు చిలీ దేశంలోని టెలిస్కోపు తీసిన ఫొటోలో బుడగ దొరికింది. కాని దాని నడుమ ఆ నక్షత్రం లేదే! కాస్త పక్కగా ఉంది. 1923లో గాజు పలక మీద తీసిన ఫొటో ఆ చిక్కూ విప్పింది. నక్షత్రం మెల్లగా జరుగుతోందని తేలింది. లెక్క వెనక్కి కడితే, 1437లో అది సరిగ్గా బుడగ నడుమనే ఉంది!

ఇంకో విశేషం. ఆ నక్షత్రమే 1930, 40 దశకాల్లో చిన్న చిన్న పొంగులు పొంగినట్టు పాత ఫొటోలు చూపాయి. అంటే పెద్దగా పేలేవీ, చిన్నగా పొంగేవీ వేరు వేరు జాతులు కావు, ఒకే నక్షత్రపు వేరు వేరు వయసులన్నమాట. 2017లో ఈ సంగతి ప్రకటించారు.

నేను కేలెండరు మీద పాల లెక్క, పిల్లల జ్వరాలు తేదీలతో రాస్తూంటే ఇంట్లో అందరూ నవ్వేవారు. ఒకసారి మా చిన్నదానికి జ్వరం తగ్గకపోతే, ఎప్పుడు మొదలైందని డాక్టరుగారు అడిగారు. ఆ రాతే ఆదుకుంది. చూసినది చూసినట్టు, తేదీ వేసి రాయడం చిన్న పనే. 580 ఏళ్ళ తర్వాత ఎవరికి దారి చూపుతుందో ఎవరికెరుక?